బాపు గాడిదైన సాయంత్రం

మా బాపు గాడిదగా మారడం నేను చూడలేదు. కాలనీలో ఆ సాయంత్రం అది చూడనివాడిని బహుశా నేనొక్కడినే. అప్పుడు నేను స్టేజీ పలకల కింద, చాప మీద, తలకు బాపు పాత గని లైటు పెట్టుకుని, ఒళ్లో నాటకం కాగితాలు, చేతిలో చెక్క సుత్తి పట్టుకుని కూర్చున్నాను. నాకు కనిపించినవి రెండే: పలకల సందుల్లోంచి జారే ఆకుపచ్చ వెలుతురు, ఆ వెలుతురును దాటిపోయే కాళ్లు.

మాది గోదావరి ఒడ్డున బొగ్గు కాలనీ. బాపు, అంటే నాన్న, గనిలో హాలేజీ డ్రైవర్. ఏటవాలు దారి వెంట బొగ్గు నిండిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజన్ దగ్గర ఆయన ఉద్యోగం. తాడు రెండో చివర ఏం జరుగుతుందో డ్రైవర్‌కు కనిపించదు. కింద, ఎక్కడో చీకట్లో, ఇంకొక మనిషి బెల్లు కొడతాడు. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే లాగు. ఆపమన్న తర్వాత మళ్లీ బెల్లు వచ్చేదాకా ఎవరు అరిచినా, ఎవరు తిట్టినా డ్రైవర్ చెయ్యి కదలకూడదు. కదిలితే కింద మనుషులు ఉంటారు. ఇవి మా ఇంట్లో నేను అక్షరాల కంటే ముందు నేర్చుకున్నవి.

ఆ ఇంజన్ రొదలోనే బాపు చెవులు పోయాయి. ఒక్కసారిగా కాదు. ముందు పిట్టల చప్పుడు పోయింది, తర్వాత కుక్కర్ విజిల్, తర్వాత అవ్వ, అంటే మా అమ్మ గొంతు. ఆసుపత్రిలో చెవి మిషన్ ఇచ్చారు. అది ఎక్కువ రోజులు అల్మారా సొరుగులోనే ఉండేది. అవ్వ ఆయన్ను పిలవాలంటే భుజం తట్టాలి. తడితే ఆయనకు కోపం.

"నేనేమన్న చెవిటోన్నా? వస్తున్న కదా!"

"వస్తున్నవని నాకెట్ల ఎరుక? గోడ వస్తున్నదా, నువ్వు వస్తున్నవా?" అనేది అవ్వ.

ఓపెన్‌కాస్ట్ గని, నేలను పైనుంచే తవ్వుకుంటూ, కాలనీ వైపు జరుగుతోందని, ముందుగా క్లబ్బు హాలు తీసేస్తారని తెలిసిన ఏడాది సారు ఆఖరి నాటకం వేయాలని పట్టుబట్టారు. సారు అంటే కాలనీ బడిలో తెలుగు చెప్పి రిటైరైన మంథని పెద్దాయన. నాటకాలన్నీ ఆయనవే. ఆయన ఎంచుకున్నది ఎప్పటిదో పాత విదేశీ హాస్య నాటకం. దాన్ని ఆసిఫాబాద్ వైపు టేకు అడవిలోకి తెచ్చి, మన మాటల్లో రాసుకున్నారు. కథ చిన్నది. అన్ని వేషాలూ తనకే కావాలనే ఒక బడాయి దర్జీ అడవిలో నాటకం నేర్చుకోవడానికి వెళ్తాడు. ఒక కొంటె దయ్యం వాడికి గాడిద తల తగిలిస్తుంది. మందు చల్లిన కళ్లతో నిద్ర లేచిన అడవి రాణి వాడినే ప్రేమిస్తుంది. తెల్లారేసరికి తల పోతుంది, రాణి పోతుంది, వాడికి ఒక కల మాత్రం మిగులుతుంది.

బాపు గనిలో కొత్తగా చేరినప్పుడు ఇదే హాల్లో ఇదే నాటకం వేశారట. అప్పుడు ఆయన పర్దా తాడు లాగే మనిషి. పక్కనుంచి చూశాడు. రెప్పపాటు చీకటి, మళ్లీ వెలుతురు, ఇప్పటిదాకా మనిషైనవాడు గాడిద. "ఆ చీకట్ల ఏమైందో నాకు పక్కనుంచి కనవడ్డది. అయినా నమ్మబుద్ధి కాలే. నిజంగ మారిండనే అనిపిచ్చింది," అని నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ తర్వాత క్లబ్బులో ఎన్నో నవ్వించే వేషాలు వేశాడు కానీ ఆ నాటకం మళ్లీ రాలేదు. ఇప్పుడు వచ్చింది. హాలుకు ఇదే ఆఖరు, బాపుకు ఉద్యోగంలో ఇదే ఆఖరు ఏడాది, చెవులు మాత్రం లేవు.

"సారు, గాడిద ఏషం నాకియ్యుండ్రి," అని వెళ్లి అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"తమ్మీ, నీ మీద నాకు నమ్మకమే. నీ చెవుల మీదనే లేదు. పోయినేడు ఏమైందో యాదికున్నదా?"

పోయినేడు బాపు ఎదుటివాడి మాట అయిపోయిందనుకుని దాని మీదే తన మాట వేశాడు, రెండుసార్లు. హాలు నవ్వింది. నాటకంలోని మాటకు కాదు, ఆయనకు. ఆ నవ్వు ఆయనకు వినబడలేదు కానీ కనబడింది.

"యాదికున్నది. అందుకే అడుగుతున్న," అన్నాడు బాపు.

సారు గడ్డం గోక్కున్నారు. "సరే. పెద్ద రిహార్సల్ల ఒక్క అందింపు తప్పినా, ఎదుటోని మాటకు నీ మాట అందకున్నా, ఏషం స్టోర్సు పిలగానికిస్త. అప్పుడు నామీద అలగొద్దు మరి."

స్టోర్సు పిలగాడంటే స్టోర్సులో క్లర్కు. మంచి గొంతు, మంచి చెవులు, నోరు కొంచెం ఎక్కువ. అప్పటికి అతనిది కొంటె దయ్యం వేషం. గాడిద వేషం మీద కన్ను ఉండేది.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, పెద్దపల్లి దగ్గర రైస్‌మిల్లుల్లో యంత్రాల బాగోగులు చూస్తాను. తల తయారీ నా నెత్తిన పడింది. నాకు పని అంటే ముందు ఏమేం కావాలో వరుసగా అనుకోవడం. తేలికగా ఉండాలి. లోపల గాలి ఆడాలి. చీకట్లో ఒక చేత్తో తగిలించేలా, ఒక చేత్తో తీసేలా ఉండాలి. చెవులు కదలాలి. ఈ చివరిది ఎవరూ అడగలేదు, నాకే అనిపించింది.

నిర్మల్‌లో బొమ్మలు చేసే ఇంటి పిల్లవాడు నాతో చదివాడు. సెలవు రోజు బస్సెక్కి వెళ్లాను. వాళ్ల నాన్న బొమ్మలకు వాడే తేలికైన పొనికి కర్ర ముక్కను చేత్తో ఎగరేసి పట్టుకుంటూ అడిగాడు: "గాడిద మొకం నవ్వుతున్నట్టు చెయ్యాల్నా, ఏడుస్తున్నట్టు చెయ్యాల్నా?"

"కలగంటున్నట్టు," అన్నాను.

"అట్లయితే కండ్లు సగం మూస్త," అన్నాడాయన, అదేదో రోజూ వచ్చే ఆర్డరు అయినట్టు.

పొనికి కర్ర పలచగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులు పూసి, బూడిద రంగు వేసి ఇచ్చారు. చూడటానికి ముక్కు రంధ్రాల్లో జల్లెడ బట్ట. చెవులకు నేను సైకిల్ బ్రేకు తీగలు పెట్టాను. తీగ చివర బాపు అంగీ చేతిలోకి వస్తుంది, వేలితో లాగితే చెవి లేస్తుంది. ఇంటికి తెచ్చి మంచం మీద పెడితే అవ్వ భయపడి, తర్వాత దాని మూతి నిమిరి, "పాపం, నిద్ర సాలలే దీనికి," అంది.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. చెవి మిషన్ పెట్టుకుని తల తగిలిస్తే లోపల మిషన్ ఈల వేస్తుంది. చప్పుడు బయటికి పోయే దారి లేక తిరిగి మిషన్‌లోకే వెళ్తుంది కాబట్టి అది సహజం. మిషన్ తీసేస్తే బాపుకు ఏమీ వినబడదు. రిహార్సల్‌లో రాణి మాట్లాడుతుంటే గాడిద మాట్లాడింది. రాణి మాట ముగిశాక గాడిద ఊరుకుంది.

"కాకా, గింత పెద్ద చెవులు పెట్టుకున్నంక గూడ వినబడకపోతే ఎట్లనే?" అన్నాడు స్టోర్సు పిలగాడు. అందరూ నవ్వారు. బాపు తల లోపల ఉన్నాడు. చెవులు రెండూ లేచి, మెల్లగా వాలాయి. వేలు లాగిందో, వేలు వదిలేసిందో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక చెవుల బోల్టులు బిగించడానికి నేను హాల్లో ఆగాను. సరిచూసుకుందామని తల నేనే పెట్టుకున్నాను. లోకం రెండు రంధ్రాలంత అయింది. చింతగింజల జిగురు వాసన. నా ఊపిరి ఎవరిదో ఊపిరిలా దగ్గరగా వినిపించింది. దాని అవతల ఏమీ లేదు. హాలు, బెంచీలు, కిటికీలోంచి పడే ఎండ పొడ అన్నీ ఉన్నాయి, కానీ నీళ్ల అడుగున ఉన్నట్టున్నాయి. బాపు ఇన్నేళ్లుగా మా మధ్య ఇలా తిరుగుతున్నాడా అనుకున్నాను. అప్పుడు నా అరికాళ్లలో ఏదో కదిలింది. తలుపు కొట్టినట్టు. తల తీసి చూస్తే హాలు ఊడ్చే ఆమె స్టేజీ చివర బెంచీ ఎత్తి దించుతోంది. ఆమె ఎంతో దూరంలో ఉంది. చప్పుడు పలకల వెంట నడిచి నా దగ్గరికి వచ్చింది.

ఇంటికి వెళ్లి బాపుకు చెప్పాను, చెయ్యి ఊపుతూ, మొహం ఎదురుగా పెట్టి. స్టేజీ కింద నేను కూర్చుంటాను. కాగితాలు చూస్తూ పలకల మీద కొడతాను. గని బెల్లులే. ఒకటి కొడితే ఆగు. రెండు కొడితే వెనక్కి జరుగు. మూడు కొడితే నీ మాట ఎత్తుకో.

బాపు నా వైపు చూశాడు. "ఇన్నేండ్లు టబ్బులను నేను లాగిన. ఇగ నన్ను నువ్వు లాగుతవా?"

"నీకు ఇష్టం లేకుంటే వద్దు, బాపు."

"ఇష్టం లేదన్ననా? సుత్తి మంచిది తెచ్చుకో."

పెద్ద రిహార్సల్‌లో ఒక్క అందింపూ తప్పలేదు. సారు స్టేజీ చుట్టూ తిరిగి, ముందు వేలాడే గుడ్డ ఎత్తి, కింద నన్ను చూసి, గుడ్డ మళ్లీ దించేశారు.

నాటకం రోజు హాలు నిండింది. రిటైరై మనుమలతో వచ్చినవాళ్లు, షిఫ్టు దిగి స్నానం చేసి తల తడితోనే వచ్చినవాళ్లు. కింద నాకు అదంతా ఒక గుసగుస, అంతే. తర్వాత పలకల మీదికి కాళ్లు వచ్చాయి. పై నుంచి నాటకాలు చూసినవాళ్లకు మొహాలు గుర్తుంటాయి. నాకు ఆ నాటకమంతా కాళ్లే. దయ్యానికి గజ్జెలు. అడవి రాణికి పారాణి. ఆమె మా ఆసుపత్రిలో నర్సు, ఆదిలాబాద్ మనిషి, అడుగు తీసి అడుగు వేస్తే పలకకు తెలిసేది కాదు. దర్జీకి మా బాపు పాత తోలు చెప్పులు, ఎడమ మడమ అరిగినవి.

దర్జీ టేకు చెట్టు వెనక్కి వెళ్లాడు. లైట్లు ఆరాయి. నా తల మీద లైటు ఆర్పేశాను. ఆ చీకట్లో పైన మోకాలు ఆనిన చప్పుడు, గజ్జెలు చేత్తో పట్టుకున్న నిశ్శబ్దం, బకిల్ పడిన చిన్న చప్పుడు. ఎలా జరుగుతుందో ప్రతి మెట్టూ నాకు తెలుసు. దాన్ని చేసింది నేనే. అయినా ఆకుపచ్చ వెలుతురు సందుల్లోంచి కారి నా చేతుల మీద, కాగితాల మీద ఆకుల నీడలా పడినప్పుడు, ఆ చెప్పులు మళ్లీ నడిచినప్పుడు అవి మా బాపువి కావు. మడమ ముందు పడటం లేదు. ముందు వేళ్లు ఆని, ఒక్క క్షణం ఆగి, తర్వాత బరువు దిగుతోంది. డెక్క ఉన్న జంతువు కొత్త నేలను నమ్మలేక వేసే అడుగు. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు. పైన హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి కూడా పలకల్లోంచి దిగి నా దాకా వచ్చినట్టనిపించింది.

మళ్లీ లైటు వెలిగించి మూడు కొట్టాను. గాడిద మాట్లాడింది. ఒకటి కొట్టాను. ఆగింది. రాణి మాట్లాడింది. మూడు. పైన ఆయన, కింద నేను, మధ్య పలక. ఇద్దరిలో ఎవరు కలగంటున్నారో, ఎవరు ఆ కలలో ఉన్నారో తెలియని మత్తు ఏదో నన్ను కమ్మింది. చెమట పట్టిన చేతుల్లో సుత్తి దానంతటదే లేచి దానంతటదే పడుతున్నట్టుంది.

అప్పుడు రాణి గాడిదకు పండ్లు తెచ్చే చోటు వచ్చింది. ఇత్తడి తాంబాళం. ఆమె దాన్ని నెమ్మదిగా పెట్టాలి. చెయ్యి జారింది. పలక మీద ఠంగుమని ఒక్క దెబ్బ.

ఒకటి.

చెప్పులు ఆగిపోయాయి. ఒక కాలు సగం లేచే ఉంది.

రాణి అడిగింది: "నా రాజా, ఏం తింటవ్? రేగుపండ్లా, మొర్రిపండ్లా?" జవాబు గాడిదది. నేను మూడు కొట్టబోయాను. మొదటి దెబ్బకే సుత్తి తల కర్ర నుంచి ఊడి, చీకట్లోకి దొర్లిపోయింది. అంటే పైకి వెళ్లింది మళ్లీ ఒకటి. ఆపమన్న దాని మీద ఆపమని. నేను మిగిలిన బెత్తెడు పిడితో కొట్టాను, పిడికిలితో కొట్టాను. మందమైన టేకు పలక, ఏమీ పలకలేదు. సుత్తి తల కోసం మోకాళ్ల మీద తడుముతున్నాను.

పైన ఎవరూ కదలడం లేదు. మొదట హాలు నవ్వింది, గాడిద ఆలోచిస్తోందనుకుని. తర్వాత నవ్వు ఆగింది. "రాజా, నామీద అలిగినవా? జర మాట్లాడు," అంది నర్సు, తనే కల్పించుకుని. పక్కనుంచి స్టోర్సు పిలగాడు, "కాకా! ఓ కాకా!" అని గొంతు దాచుకుని పిలుస్తున్నాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు, భయమే ఉంది. "సారు, పర్దా ఏద్దామా?" అన్నాడు. సారు జవాబు వినబడలేదు. పర్దా తాడు గిలక ఒకసారి కిర్రుమంది. బాపు ఇన్నేళ్లు ఎదురుచూసిన వేషం సగంలో ముగిసిపోతోంది. ఆయనకు అది తెలియదు. బెల్లు కోసం చూస్తున్నాడు.

అప్పుడు నా నెత్తికి ఎదురుగా, స్టేజీ ముందు అంచున, ఠక్. ఠక్. ఠక్.

ఊతకర్ర. పలకల సందులోంచి దాని రబ్బరు లేని కొస కనిపిస్తోంది. ఆ కర్ర ఎవరిదో కాలనీలో అందరికీ తెలుసు. బాపు ఇంజన్ తాడుకు కింది చివర ఏళ్ల తరబడి బెల్లు కొట్టిన మనిషిది. బాపు బావా అని పిలిచే ఆయన, బాపు కంటే ముందే రిటైరై, మొదటి వరసలో కూర్చుని ఉన్నాడు. నేను స్టేజీ కింద ఉన్నానని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత అడిగితే, "వాడు గట్ల బిగుసుకొని నిలవడ్డడంటే బెల్లు కోసమే. ఇంక దేనికోసం నిలవడతడు?" అన్నాడు.

లేచిన కాలు దిగింది. తల లోపలి నుంచి, డబ్బాలోంచి వచ్చినట్టు, బాపు గొంతు గట్టిగా వచ్చింది:

"బావా! టబ్బు నిండిందా?"

అది నాటకంలో లేదు. హాలు ఒక్క క్షణం అర్థం కాక ఊరుకుని, తర్వాత పగలబడి నవ్వింది. గనిలో పనిచేసిన ప్రతివాడికీ అర్థమైంది. వెనక వరసలో ఎవరో, "నిండింది, గుంజు!" అని అరిచారు.

"నిండితే పచ్చగడ్డి పంపుమను, రాణీ! రేగుపండ్లు నా పండ్లకు ఆనవ్," అంది గాడిద, రెండు చెవులూ లేపి. చెవులు లేచాయని నాకు అవ్వ తర్వాత చెప్పింది. కథ మళ్లీ తన దారిలో పడింది.

ముందు గుడ్డ కొంచెం లేచింది. ఊతకర్ర అడ్డంగా లోపలికి వచ్చింది. "పట్టు అల్లుడా. నీ కాగితాలల్ల ఏమున్నదో నాకు తెల్వదు. నువ్వే కొట్టు." మిగిలిన నాటకమంతా ఆ కర్రతోనే కొట్టాను.

చివర్లో తెల్లారుతుంది. తల పోతుంది. దర్జీ ఒంటరిగా లేచి, తన చెవులు తడుముకుని, ఏదో కల వచ్చిందని చెప్పబోయి చెప్పలేకపోవాలి. రిహార్సల్స్‌లో బాపు ఆ పొడుగు చెవుల కోసం గాల్లో వెతికి నవ్వించేవాడు. ఆ సాయంత్రం ఏం చేశాడో నేను చూడలేదు. హాల్లో చప్పుడు లేదు. చెప్పులు నా తల మీదుగా నెమ్మదిగా నడిచి, సరిగ్గా నేనున్న చోట ఆగాయి.

"ఏమైందంటే," అన్నాడు బాపు, "నేను ఏడనో ఉన్న. ఏం వినబడతలేదు. గప్పుడు ఎవలో నా కాళ్ల కింద తలుపు కొట్టిండ్రు. తీద్దామని లేసిన. లేస్తే తెల్లారింది."

అదీ నాటకంలో లేదు. తర్వాతి మాట కోసం నేను కర్ర ఎత్తాను కానీ కొట్టలేదు. పర్దా పడింది.

ఇంటికి నడుస్తుంటే అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని అడిగింది: "అంతమంది నవ్విండ్రు, చప్పట్లు కొట్టిండ్రు. జరన్నా వినబడ్డదా?"

"పలకలు వణికినయ్," అన్నాడు బాపు. కాసేపటికి మళ్లీ, "మంచిగనే వణికినయ్," అన్నాడు.

హాలు ఇప్పుడు లేదు. అక్కడ మట్టి గుట్ట ఉంది. బాపు రిటైరయ్యాడు. గాడిద తల మా బీరువా మీద, సగం కళ్లు మూసుకుని ఉంటుంది. చెవి మిషన్ సొరుగులోంచి అప్పుడప్పుడు బయటికి వస్తుంది. అవ్వ ఇప్పుడు ఆయన భుజం తట్టదు. నాటకం తర్వాత కొన్నాళ్లకు, ఏమీ అడగకుండా, మంచం పట్టె మీద గరిటె వెనక వైపుతో మూడుసార్లు కొట్టింది. బాపు లేచి అన్నానికి వచ్చాడు. కోపం రాలేదు.

మొన్న ముగ్గురం చెక్క బల్ల దగ్గర తింటున్నాం. అవ్వ చేతిలోంచి గ్లాసు జారి బల్ల మీద పడింది, ఒక్కసారి. ముద్ద నోటి దాకా వెళ్లిన బాపు చెయ్యి అక్కడే ఆగిపోయింది. చారు మోచేతి దాకా కారుతోంది. ఆయన కదలలేదు. కళ్లు మాత్రం సగం మూసి, అచ్చం బీరువా మీది మొహంలా, అవ్వ వైపు చూస్తున్నాడు.

"సాలు తియ్యి నీ ఏషాలు, తిను!" అంది అవ్వ.

కదలలేదు.

అవ్వ నవ్వాపుకోలేక, ఎంగిలి చేత్తోనే గ్లాసు తీసి బల్ల మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు.